భయపడేవారికి మాటలు నేర్పితే చాలదు

నలుగురిలో నోరు విప్పలేని మనిషి కనబడగానే చుట్టూ ఉన్నవారు చెప్పే మాట దాదాపు ఒక్కటే ఉంటుంది: "భయమెందుకు, ధైర్యంగా మాట్లాడు." ఆ మాట అనేవారిలో చాలామందికి నిజమైన ప్రేమే ఉంటుంది. అయినా ఆ సలహాతో బాగుపడినవారు అరుదు. మౌనం బయటికి ఒకేలా కనిపించినా దాని వెనుక మూడు నాలుగు వేర్వేరు ఇబ్బందులు ఉండవచ్చు. వాటిలో ఏది ఉందో తేల్చుకోకుండా అందించే సహాయం కొన్నిసార్లు ఉన్న కష్టాన్ని పెంచుతుంది. విశాఖపట్నం వంటి నగరంలో ఈ తేడాను గుర్తించడం మరీ అవసరం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, పాడేరు, అరకు మన్యం నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం, ఓడరేవుల కారణంగా దేశం నలుమూలల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు, మధురవాడ ఐటీ కార్యాలయాల్లో చేరిన యువత, అందరూ ఒకరికొకరు కొత్తవారిగానే రోజూ ఎదురుపడే ఊరు ఇది. ఇక్కడ మాట పెగలని మనిషి పోగొట్టుకునేవి చాలా ఉంటాయి.

ముందుగా సోషల్ యాంగ్జైటీ, అంటే సామాజిక ఆందోళన సంగతి చూడాలి. ఇతరులు తనను గమనిస్తున్నారు, తూకం వేస్తున్నారు, తన తడబాటు చూసి తక్కువగా అనుకుంటారు అనే తీవ్రమైన భయం దీనికి మూలం. గొంతు తడారిపోవడం, ముఖం ఎర్రబారడం, చేతులు వణకడం, గుండె దడ, మెదడు ఖాళీ అయిపోయినట్లు అనిపించడం దీని శరీర లక్షణాలు. "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని పెద్దలు ఆటపట్టించే పిల్లల్లో కొందరిది సరిగ్గా ఈ స్థితే. ఇంట్లో చెల్లెలితో గంటలకొద్దీ వాదించగలిగిన కుర్రాడు తరగతిలో తన పేరు పిలవగానే బిగుసుకుపోతాడు. అతనికి మాటలు రాక కాదు, ఆ క్షణంలో భయం అతని మాటలను అందనివ్వక.

బిడియం వేరు, ఈ రుగ్మత వేరు. బిడియస్థుడు కొత్తవారి మధ్య కాసేపు ముడుచుకున్నా తర్వాత కలిసిపోతాడు. తన జీవితాన్ని దానికోసం మార్చుకోడు. భయం ఆరు నెలలకు మించి నిలిచి, చదువునో ఉద్యోగాన్నో స్నేహాలనో దెబ్బతీస్తున్నప్పుడే వైద్యులు దీన్ని రుగ్మతగా నిర్ధారిస్తారు. సర్వీస్ ఆటోలో వెనక సీట్లో కూర్చుని, "ఇక్కడ ఆపండి" అని గట్టిగా చెప్పలేక, ఇంకెవరైనా దిగే చోటు వరకు వెళ్లి అక్కడి నుంచి వెనక్కి నడిచివచ్చేవారు ఉంటారు. హాస్టల్ మెస్‌లో అందరిముందు తినలేక చివర్లో వెళ్లి, మిగిలినదేదో తినివచ్చేవారు ఉంటారు. బ్యాంకు కౌంటరు దగ్గర గుమస్తా చూస్తుండగా సంతకం పెట్టాలంటే చెయ్యి వణుకుతుందని ఆ పని తమ్ముడికి అప్పగించేవారు, ఫోను మోగితే అది ఆగేదాకా చూస్తూ ఉండి తర్వాత మెసేజ్ పెట్టేవారు కూడా ఉంటారు. వీటిలో ఏ ఒక్కటీ ఇతరులకు పెద్ద కష్టంగా కనిపించదు. అన్నీ కలిసి ఒక మనిషి రోజును ఎంత ఇరుకు చేస్తాయో అనుభవించేవారికే తెలుస్తుంది.

ఈ బాధను వైద్యశాస్త్రం కూడా ఆలస్యంగానే పట్టించుకుంది. లండన్‌లో పనిచేస్తున్న మానసిక వైద్యులు ఐజాక్ మార్క్స్, మైకేల్ గెల్డర్ 1966లో రకరకాల భయాలు ఏ వయసులో మొదలవుతాయో పరిశీలిస్తూ సామాజిక భయాలను ప్రత్యేక వర్గంగా గుర్తించారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి చోటిచ్చింది. 1985లో కూడా అమెరికా మానసిక వైద్యుడు మైకేల్ లీబోవిట్జ్ బృందం దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఆందోళన రుగ్మతగానే వర్ణించవలసి వచ్చింది. అమెరికాలో ఈ రుగ్మత ఉన్నవారిలో సగం మందికి అది సుమారు 13 ఏళ్లలోపే మొదలవుతుందని ఆ రోగ నిర్ధారణ గ్రంథం 2013 కూర్పు చెబుతుంది. అంటే ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల వయసు. ఉపాధ్యాయుడు బోర్డు దగ్గరికి పిలవడం మొదలయ్యే కాలమూ, తోటివారి నవ్వు గుండెలో గుచ్చుకునే కాలమూ అదే. అప్పుడు మొదలైన దానికి పదేళ్లు గడిచినా వైద్యసాయం కోరనివారు ఎక్కువ, ఎందుకంటే ఇది జబ్బని వారూ అనుకోరు, ఇంట్లోవారూ అనుకోరు. "వాడి స్వభావమే అంత" అన్న ఒక్క మాటతో ఆ అధ్యాయం ముగిసిపోతుంది.

సోషల్ యాంగ్జైటీలా కనిపించే ఇతర ఇబ్బందులను విడిగా చూడాలి. ఆటిజం, అంటే చిన్నతనం నుంచే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా, ఉన్న వ్యక్తికి ఎదుటివారి ముఖకవళికలు, స్వరంలోని వెటకారం, మాటల మధ్య విరామం ఇచ్చే సంకేతం వెంటనే అందకపోవచ్చు. ఆటిజం లక్షణాలు పూర్తిగా లేకపోయినా సందర్భానికి తగినట్లు మాటను మలచుకోవడంలో మాత్రమే కష్టం ఉన్నవారికోసం 2013లో సామాజిక సంభాషణ రుగ్మత అనే వేరే వర్గం ఏర్పడింది. వీరిలో కొందరికి భయమే ఉండదు. ఉత్సాహంగా మాట్లాడతారు, కానీ ఎదుటివారు ఎందుకు ముఖం చిట్లించారో అర్థం కాదు. మరికొందరికి ఏళ్ల తరబడి ఎగతాళి పడ్డాక ఆ కష్టం మీద భయం కూడా వచ్చి చేరుతుంది. అప్పుడు రెండింటికీ సహాయం కావాలి, ఒకదానికి చేసిన చికిత్స రెండోదానికి సరిపోదు.

నత్తి ఉన్నవారి సంగతీ అలాంటిదే. నత్తి సాధారణంగా రెండేళ్ల నుంచి అయిదేళ్ల మధ్య పిల్లలు మాటలు కూర్చుకునే దశలో మొదలవుతుంది. భయం దానికి మూలకారణం కాదు. అయితే తరగతిలో చదివి వినిపించమన్న ప్రతిసారీ పొందిన అవమానం పెద్దయ్యాక పూర్తిస్థాయి సామాజిక ఆందోళనగా మారడం తరచుగా జరుగుతుంది. ఇంట్లో గలగలా మాట్లాడే చిన్నపిల్ల బడిలో నెలల తరబడి ఒక్క మాటైనా మాట్లాడకపోతే మొండితనమని శిక్షించే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆ స్థితిని 2013 నుంచి ఆందోళన రుగ్మతల్లోనే లెక్కిస్తున్నారు. ఆ పిల్లను బెదిరించి మాట్లాడించాలని చూస్తే భయానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఇక ఏ పిల్లవాడి విషయంలోనైనా వినికిడి సరిగా ఉందో లేదో ముందు పరీక్ష చేయించాలి. చాలా సులువైన ఈ పనిని చాలామంది మరిచిపోతారు.

నాలుగో కారణం మనిషి లోపల ఉండదు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, నగర శివార్లలోని ఇంజినీరింగ్ కాలేజీలో చేరిన విద్యార్థికి నాలుగో సంవత్సరంలో గ్రూప్ డిస్కషన్ ఎదురవుతుంది. తన భాషలో చక్కగా వాదించగల అతను ఇంగ్లీషులో క్రియాపదం వెతుక్కునేలోపు చర్చ ఇంకో విషయానికి వెళ్లిపోతుంది. శ్రీకాకుళం యాసలో మాట్లాడితే నవ్వేవారు, మన్యం నుంచి వచ్చాడని వెక్కిరించేవారు, కులాన్ని పసిగట్టడానికి ఇంటిపేరు అడిగేవారు నిజంగానే ఉన్నారు. ఇటువంటి అనుభవాలున్న విద్యార్థితో "నీ భయం అంతా ఊహే" అని చెప్పడం అన్యాయం. అతని అంచనాలో కొంత భాగం వాస్తవం. చికిత్స చేసేవారు ఆ వాస్తవాన్ని ఒప్పుకున్న తర్వాతే మిగిలిన భాగం గురించి అతనితో మాట్లాడగలరు. వెక్కిరింపును ఆపవలసిన బాధ్యత మాత్రం కాలేజీది, హాస్టల్‌ది.

భయం ఏళ్ల తరబడి ఎందుకు తగ్గదు అన్న ప్రశ్నకు 1995లో బ్రిటన్ మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ ఇచ్చిన వివరణ ఇప్పటికీ ఎక్కువ ఆదరణ పొందుతోంది. మామూలుగా చూస్తే ఇది వింతే: భయపడేవారు కూడా కాలేజీకి వెళతారు, పెళ్లిళ్లకు వెళతారు, ఆఫీసు మీటింగుల్లో కూర్చుంటారు, వారు భయపడినట్లు ఎవరూ వారిని వెలివేయరు, అయినా భయం అలాగే ఉంటుంది. క్లార్క్, వెల్స్ చెప్పినదాని ప్రకారం, నలుగురి మధ్యకు రాగానే ఆ వ్యక్తి దృష్టి ఎదుటివారి మీద నుంచి తన లోపలికి మళ్లుతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, ముఖం ఎంత వేడెక్కింది, గొంతు వణుకుతోందా అని తనను తాను కాపలా కాస్తాడు. లోపల కలిగే ఆ అనుభూతుల నుంచే, బయటివారికి తాను ఎలా కనబడుతున్నాడో ఒక చిత్రం గీసుకుంటాడు. చెయ్యి కొంచెం వణికితే ఆ చిత్రంలో అది పెద్ద వణుకుగా ఉంటుంది. ఎదుటివారి ముఖంలో ఉన్న ఆసక్తినో, అసలు పట్టించుకోనితనాన్నో చూడటానికి అతని దృష్టి అక్కడ ఉండదు కాబట్టి ఆ చిత్రాన్ని సరిదిద్దే అవకాశమే రాదు.

దీనికి తోడు రక్షణ కోసం చేసే చిన్న చిన్న జాగ్రత్తలుంటాయి. మాట్లాడబోయే వాక్యాన్ని మనసులో నాలుగుసార్లు వల్లించుకోవడం, వణుకు తెలియకుండా టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం, చున్నీతో నోరు సగం కప్పుకుని మాట్లాడటం, వెనక బెంచీ ఎంచుకోవడం, ఎవరూ పలకరించకుండా ఫోన్‌లో తల దూర్చడం, త్వరగా ముగించాలని గబగబా మాట్లాడటం. ఈ జాగ్రత్తల వల్ల రెండు నష్టాలున్నాయి. ఏ ప్రమాదమూ జరగనప్పుడు "నేను జాగ్రత్తపడ్డాను కాబట్టి సరిపోయింది" అని మనసు లెక్క వేస్తుంది. జాగ్రత్త లేకపోయినా ఏమీ జరిగి ఉండేది కాదన్న సంగతి నేర్చుకునే వీలుండదు. రెండోది మరింత బాధాకరం. వాక్యాన్ని వల్లించుకుంటున్న మనిషి ఎదుటివారు చెప్పేది వినడు, ఫోన్‌లో తల దూర్చినవాడు గర్విష్ఠిలా కనిపిస్తాడు. తనకు స్నేహం ఇష్టం లేదని ఇతరులు దూరం జరుగుతారు. ఆ దూరాన్ని చూసి, తాను అనుకున్నదే నిజమని అతను నిర్ధారించుకుంటాడు.

ఆ తర్వాత రాత్రి మొదలవుతుంది. అన్న మాటలు, అనలేని మాటలు, ఎవరో ఒక్క క్షణం చూసిన చూపు, అన్నీ తవ్వుకుంటూ నిద్రపోని గంటలు గడుస్తాయి. ఇలా తవ్వుకున్నప్పుడు జ్ఞాపకం ఉన్నదాని కంటే చెడుగా మారుతుంది. మరుసటిసారి ఆ చెడిన జ్ఞాపకమే ముందస్తు భయానికి ఆధారమవుతుంది.

మనల్ని ఇతరులు ఎంత గమనిస్తారన్న విషయంలో మామూలు మనుషుల అంచనా కూడా తప్పే. 2000 సంవత్సరంలో థామస్ గిలోవిచ్, అతని సహచరులు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను ఇతరులున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వారు అనుకున్నారు; నిజంగా గమనించినవారు సుమారు నాలుగోవంతు. సామాజిక ఆందోళన ఉన్నవారిలో ఈ అంచనా ఇంకా ఎక్కువగా పక్కదారి పడుతుందని సులువుగా ఊహించుకోవచ్చు. అందుకే క్లార్క్ పద్ధతిలోని చికిత్సలో వీడియోకు ముఖ్యమైన స్థానముంది. మాట్లాడేముందు తాను ఎలా కనబడతానో ఆ వ్యక్తి వివరంగా చెబుతాడు, తర్వాత తన వీడియోను పరాయి మనిషిని చూసినట్లు చూస్తాడు. లోపల తుపానులా అనిపించిన వణుకు తెరమీద చాలాసార్లు అసలు కనిపించదు.

ఇప్పుడు విశాఖలోని ద్వారకానగర్ వైపు వెళ్లిచూస్తే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య స్పోకెన్ ఇంగ్లీష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ బోర్డులు వరసగా కనిపిస్తాయి. పిల్లవాడు మాట్లాడటం లేదనగానే తల్లిదండ్రులకు ముందుగా తోచేది అక్కడ చేర్పించడమే. భాష రానివారికి భాష నేర్పడం మంచిదే, చాలామందికి అది నిజంగా ఉపయోగపడింది. కానీ సమస్య భయమైనప్పుడు అక్కడ నేర్పే నియమాలు వ్యతిరేక ఫలితాన్నివ్వవచ్చు. కళ్లలోకి చూడాలి, భుజాలు నిటారుగా ఉంచాలి, చేతులు ఇలా కదపాలి, చిరునవ్వు చెదరకూడదు అని పది నియమాలు నేర్పితే, ఇప్పటికే తనను తాను కాపలా కాస్తున్న మనిషికి కాపలా కాయవలసిన పది కొత్త చోట్లు దొరుకుతాయి. అతనికి కావలసింది దృష్టిని బయటికి తిప్పుకునే అభ్యాసం. ఎదుటి మనిషి ఏం చెబుతోంది, ఆమె గొంతులో ఏముంది, ఈ గదిలో ఎన్ని కిటికీలున్నాయి అన్న వాటి మీద మనసు నిలపడం వినడానికి చిన్న సంగతే అయినా చికిత్సలో సగం బలం దానిదే.

మిగిలిన సగం, భయపడే పనిని జాగ్రత్తలు వదిలి చేసి చూడటం. దీన్ని పరీక్షలాగా కాక ప్రయోగంలాగా జరపాలి. ప్రయోగానికి ముందు ఒక అంచనా రాసుకోవాలి, తర్వాత జరిగినది రాసుకోవాలి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. విశాఖలో ఉండే డిగ్రీ విద్యార్థినిని ఊహించుకుందాం. ఎంవీపీ కాలనీ రైతుబజారులో వంకాయల ధర అడిగి, కొనకుండా వెళ్లిపోవడం ఆమె మొదటి ప్రయోగం కావచ్చు. "అమ్మే రైతు నన్ను కసురుతాడు, పక్కవాళ్లంతా నావైపు చూస్తారు" అని ముందే రాసుకుంటుంది, ఆ నమ్మకం ఎంత బలంగా ఉందో నూటికి ఇన్ని పాళ్లని అంకె వేస్తుంది. వెళ్లి అడుగుతుంది. రైతు ధర చెప్పి, ఆమె కదలగానే ఇంకొకరికి తూకం వేయడంలో పడిపోతాడు. అదే పనిని ఇంకో అంగట్లో, ఇంకో రోజు, ఈసారి ముందుగా వాక్యం వల్లించుకోకుండా చేస్తుంది. ఆ తర్వాత ద్వారకా బస్ స్టేషన్ విచారణ కౌంటరులో ఒక బస్సు సమయం అడిగి, అర్థం కాలేదని మళ్లీ అడుగుతుంది. బీచ్ రోడ్డులో ఉదయం నడకకు వచ్చినవారిలో ఒకరిని దారి అడుగుతుంది. సర్వీస్ ఆటోలో డ్రైవరుకు వినబడేటంత గట్టిగా ఆపమంటుంది. హోటల్లో పొరపాటున వచ్చిన వంటకాన్ని వెనక్కి పంపుతుంది. కొన్ని వారాలకు తరగతిలో సందేహం అడగడం, చివరికి సెమినార్ ఇవ్వడం.

ఈ మెట్లను ఎవరో తయారుచేసి చేతిలో పెట్టకూడదు. ఏది సులువు, ఏది కష్టం అన్నది మనిషికి మనిషికి మారుతుంది. వందమంది ముందు పాట పాడగలిగి, ఒక్క మనిషితో లిఫ్టులో రెండు నిమిషాలు మాట్లాడలేనివారు ఉంటారు. భయం పూర్తిగా పోయాకే పక్క మెట్టు ఎక్కాలన్న నియమం కూడా అవసరం లేదు. అమెరికాలో పనిచేసే పరిశోధకురాలు మిషెల్ క్రాస్క్ వాదన ప్రకారం, నేర్చుకోవడానికి ముఖ్యమైనది భయం ఎంత తగ్గిందన్నది కాదు, తాను ఊహించినదానికి జరిగినదానికి మధ్య తేడా ఎంత స్పష్టంగా కనబడిందన్నది. అందువల్ల వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషులతో, వేర్వేరు వేళల్లో చేసిన ప్రయోగాలు ఒకే చోట పదిసార్లు చేసినదాని కంటే గట్టిగా నిలుస్తాయి. కొన్నిసార్లు అమ్మేవారు నిజంగానే విసుక్కుంటారు కూడా. ఆ రోజు వృథా అయినట్లు కాదు. విసుగును ఎదుర్కొని ఇంటికి వచ్చి అన్నం తిని నిద్రపోయిన రోజు అది, ముందు రాసుకున్న అంచనాలో ఆ సంగతి ఎక్కడా ఉండదు.

ఈ పద్ధతిని శిక్షణ పొందిన మనస్తత్వవేత్త దగ్గర, విడిగా ఒక్కరికే అందించినప్పుడు ఫలితాలు బలంగా ఉంటాయి. 2014లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష 101 చికిత్సా ప్రయోగాలను, 13 వేలకు పైగా వ్యక్తుల ఫలితాలను కలిపి చూసి, వ్యక్తిగత కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే ఇటువంటి చికిత్సను, మొదటి ఎంపికగా సూచించింది. ఏ జబ్బుకు ఏ చికిత్స తగినదో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే చెప్పాయి. క్లార్క్ పద్ధతికి సుమారు నాలుగు నెలల్లో తొంభై నిమిషాల చొప్పున 14 సమావేశాలను సూచించాయి. ఈ చికిత్స వద్దనుకున్నవారికి, కుదరనివారికి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు ఉన్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మానసిక వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి, హఠాత్తుగా ఆపకూడదు. వెంటనే నెమ్మది కలిగించే నిద్రమాత్రల తరహా మందులకు అలవాటుపడే ప్రమాదముంది. పెళ్లి విందుల్లోనూ ఆఫీసు పార్టీల్లోనూ బెరుకు పోవడానికి మద్యాన్ని ఆశ్రయించడం అంతకంటే పెద్ద ప్రమాదం, అది కూడా పైన చెప్పిన జాగ్రత్తల్లో ఒకటే.

ఆటిజం ఉన్నవారికి దారి వేరు. సంభాషణలో చేరడం ఎలా, ముగించడం ఎలా, ఎగతాళికి ఏమని జవాబివ్వాలి అన్నవి విడమరిచి నేర్పితే వారికి మేలు జరుగుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో ఎలిజబెత్ లాగెసన్ రూపొందించిన పీర్స్ కార్యక్రమంలో కౌమార వయసు పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా సమాంతరంగా శిక్షణ పొందుతారు, ఇంట్లో అభ్యాసం చేయించేది వారే. అయితే నేర్పడం ఒకవైపు నుంచే జరగాలా అన్న ప్రశ్నను 2012లో బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ లేవనెత్తారు. ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఇతరులు వారిని అర్థం చేసుకోలేకపోవడం అంతే నిజమని ఆయన వాదన. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం చేసిన పరిశోధనలో ఒకరి నుంచి ఒకరికి విషయాన్ని చేరవేయమన్నప్పుడు, అందరూ ఆటిజం ఉన్నవారే అయిన వరసలో సమాచారం బాగానే చేరింది. ఆటిజం ఉన్నవారూ లేనివారూ కలిసిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. విశాఖలోని బడులకూ కార్యాలయాలకూ ఇందులో నేర్చుకోవలసింది ఉంది. సూచనలను నోటిమాటతో పాటు రాసి ఇవ్వడం, వెటకారం తగ్గించి సూటిగా చెప్పడం, కళ్లలోకి చూడనంత మాత్రాన అబద్ధమాడుతున్నాడని అనుకోకపోవడం ఖర్చు లేని మార్పులు.

కుటుంబం గురించి కాస్త ఎక్కువగానే చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో భయాన్ని పెంచే రెండు అలవాట్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది తోసేయడం. చుట్టాలు రాగానే పిల్లను ముందుకు లాగి "మావయ్యగారికి పద్యం చెప్పు" అనడం, చెప్పలేకపోతే "మూగదానివా?" అని అందరిలో అనడం. రెండోది అడ్డుపడి కాపాడటం. డాక్టరు పిల్లవాడిని ప్రశ్న అడిగితే తల్లి జవాబు చెబుతుంది, కాలేజీకి ఫోను అక్క చేస్తుంది, కొట్టుకు తమ్ముడు వెళతాడు. ఈ రెండోది ప్రేమగా ఉంటుంది కాబట్టి దాని నష్టం కనిపించదు. పిల్లవాడికి ఆ క్షణంలో ఉపశమనం దొరుకుతుంది, నేర్చుకునే సందర్భం ఒకటి తగ్గిపోతుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలై లెబోవిట్జ్ బృందం, ఆందోళన ఉన్న 124 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో, కేవలం తల్లిదండ్రులకు ఈ అలవాటును తగ్గించుకోవడం నేర్పినా, పిల్లలకు నేరుగా చికిత్స చేసినంత ఫలితం వచ్చింది. పిల్లవాడిని చికిత్సకు తీసుకురాలేని ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

ఆ పద్ధతిలో తల్లిదండ్రులు చెప్పవలసిన మాటలో రెండు భాగాలుంటాయి: కష్టాన్ని గుర్తించడం, చేయగలవన్న నమ్మకం చూపడం. మన ఇళ్లలో అది ఇలా ఉండవచ్చు: "నీకు కష్టంగా ఉందని తెలుసు నాన్నా. అయినా నువ్వు అడగగలవు, నేను పక్కనే నిలబడతాను." ఆ తర్వాత నిజంగానే పక్కన నిలబడి, నోరు మెదపకుండా ఉండాలి. పిల్లవాడు మాట వెతుక్కునే ఆ కొద్ది క్షణాలు తల్లికి చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఆ సమయంలో మాట అందించకుండా ఓపిక పట్టడం ఈ చికిత్స మొత్తంలో పెద్దవారికి అన్నిటికంటే కష్టమైన పని. ఏ సాయాన్ని ముందు తగ్గించాలో పిల్లవాడితో చెప్పి, ఒక్కొక్కటిగా తగ్గించాలి. ఒక్క రోజులో అన్నీ ఆపేస్తే అతనికి అది శిక్షలా తోస్తుంది.

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ రుగ్మత సమాజంలో స్త్రీలలో కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అయినా మాట్లాడని ఆడపిల్లను అణకువ గల పిల్ల అని మెచ్చుకునే ఇళ్లలో ఆ మౌనం ఎవరికీ సమస్యగా కనబడదు. ఉద్యోగంలో చేరాకనో పెళ్లయ్యాకనో కొత్త మనుషుల మధ్య ఒక్కసారిగా బయటపడుతుంది, అప్పుడు అందరూ ఆమెకే తప్పు అంటగడతారు.

ఉపాధ్యాయులు చేయగలిగినది చాలా ఉంది. రోల్ నంబర్ల వరసలో పరిచయాలు చెప్పించడం మామూలు అలవాటు. తన వంతు వచ్చేదాకా ఎదురుచూసే ఆ పావుగంట భయపడే విద్యార్థికి అత్యంత కష్టకాలం, ముందువారు చెప్పింది ఒక్క ముక్కైనా అతని చెవిన పడదు. దాని బదులు పక్కవారితో ఇద్దరిద్దరుగా మాట్లాడించి, తర్వాత నలుగురి జట్టులో, ఆపైన తరగతి మొత్తానికి అన్న క్రమం పాటించవచ్చు. వైవా, సెమినార్లను మొదటిసారి అధ్యాపకుడు, ఇద్దరు మిత్రుల ముందు ఇవ్వనివ్వవచ్చు. మినహాయింపు ఇవ్వడం మాత్రం మేలు చేయదు. సెమినార్ ఇవ్వకుండా మార్కులు వేసేస్తే ఆ కనికరం ఇంట్లోవారు అడ్డుపడి కాపాడటం లాంటిదే అవుతుంది. ప్లేస్‌మెంట్ శిక్షణలో గ్రూప్ డిస్కషన్ అభ్యాసాన్ని మొదట తెలుగులో జరిపిస్తే ఎవరికి భాష అడ్డమో ఎవరికి భయం అడ్డమో తేటగా తెలుస్తుంది. నాలుగో సంవత్సరం దాకా ఆగకుండా మొదటి సంవత్సరంలోనే ఈ పని జరగాలి.

వైద్యసాయానికి విశాఖ వాసులు దూరం వెళ్లనక్కరలేదు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ సేవలు ఉన్నాయి. తీవ్రమైన జబ్బులున్నవారు మాత్రమే ఆ గేటులోకి వెళతారన్న పాత భావన వల్ల ఆందోళనతో బాధపడేవారు అటువైపు చూడటానికే జంకుతారు. తాము ఎవరి కంటనైనా పడతామేమోనన్న భయం ఈ రుగ్మతలోనే భాగం కావడం వల్ల ఆ జంకు రెట్టింపవుతుంది. అటువంటివారికి ఫోను ద్వారా మొదలుపెట్టడం సులువు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడమే భయమైనవారికి ఆ కాల్ మొదటి ప్రయోగంగా కూడా పనికొస్తుంది. ప్రైవేటుగా చికిత్స తీసుకునేవారు క్లినికల్ సైకాలజిస్టుకు, స్పీచ్ థెరపిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. కౌన్సెలర్ అన్న బోర్డు ఒక్కటే అర్హతకు రుజువు కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ మానసిక వైద్యసేవలు పొందడాన్ని హక్కుగా గుర్తించింది, శారీరక జబ్బులకు వర్తించినట్లే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తించాలని కూడా చెప్పింది.

చికిత్స బాగా సాగిన తర్వాత కూడా భయం కొన్నిసార్లు తిరిగి వస్తుంది. ఉద్యోగం మారినప్పుడు, నెలల తరబడి ఇంటినుంచే పనిచేసి మళ్లీ ఆఫీసుకు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఒక మీటింగు నిజంగానే చెడిపోయినప్పుడు ఇది సహజం. పైగా ఇప్పుడు ఒక మనిషి ఎవరితోనూ మాట్లాడకుండానే నగరంలో బతకగలడు. భోజనం యాప్‌లో వస్తుంది, ఆటో యాప్‌లో వస్తుంది, కొట్టులో డబ్బు క్యూఆర్ కోడ్‌తో చెల్లిపోతుంది. ఒకప్పుడు రోజు గడవడంలోనే దొరికిన అభ్యాసాన్ని ఇప్పుడు పనిగట్టుకుని ఎంచుకోవాలి. భయం తిరిగి వచ్చినవారు మొదటికొచ్చామని నిరాశపడకుండా, ప్రయోగాలు రాసుకున్న పాత నోటుపుస్తకం తీసి, గతంలో సులువుగా దాటిన మెట్టు కంటే ఒక మెట్టు కింద నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. రెండోసారి అదే దూరం నడవడానికి సాధారణంగా అంత కాలం పట్టదు.